తీపి మాట - లోపల ముల్లు

కొల్లేరు గట్టు మీద పిల్లలు గాలం వేస్తారు. ముల్లుకు ఎర గుచ్చుతారు. నీళ్లలోకి వదులుతారు. చేపకు ఎర కనిపిస్తుంది. ముల్లు కనిపించదు. గాలం పట్టుకున్న చెయ్యి అసలే కనిపించదు.

ఇప్పుడు గాలాలు ఫోన్లలోకి కూడా వచ్చాయి. ఈ గాలానికి ఎర వానపాము కాదు. తీపి మాట. "అన్నం తిన్నావా?" అనే మాట. "నీకు నేనున్నాను" అనే మాట. ముఖం తెలియని మనిషి ఫోన్లో పరిచయం అవుతాడు. ప్రేమ అంటాడు. పెళ్ళి అంటాడు. బాగా నమ్మకం కుదిరాక డబ్బు అడుగుతాడు. డబ్బు అందాక మాయమవుతాడు. ఇదే ప్రేమ పేరుతో మోసం.

ఈ మోసం ఎలా జరుగుతుంది? ఎలా గుర్తుపట్టాలి? మోసపోయిన మనిషికి పక్కవాళ్లు ఎలా తోడు నిలవాలి? ఈ పాఠంలో చదువుదాం.

ఒక అక్క కథ

కైకలూరు వైపు ఒక లంక ఊరు. అక్కడ ఒక అక్క ఉందనుకుందాం. పేరు ఏదైతేనేం? ఇది ఒక్కరి కథ కాదు. పోలీసుల దగ్గరకు వచ్చే ఎన్నో కేసులు ఇదే దారిలో నడుస్తాయి.

అక్క రొయ్యల షెడ్డులో పని చేస్తుంది. తెల్లారకముందే వెళుతుంది. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్లు పాచిపోతాయి. భర్త చనిపోయి ఆరేళ్లయింది. కొడుకు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. వారానికి ఒకసారి ఫోన్ చేస్తాడు. అక్క రాత్రి బడిలో చదవడం నేర్చుకుంది. కొడుకు పాత ఫోన్ ఇచ్చాడు. అందులో ఫేస్‌బుక్ పెట్టాడు.

ఒక రాత్రి ఫోన్లో ఒక మాట వచ్చింది. "నమస్తే. మీ ఫొటో చూశాను. మీ ముఖంలో మంచితనం ఉంది." పంపినవాడి ఫొటో కూడా ఉంది. తెల్ల కోటు వేసుకున్నాడు. లండన్లో డాక్టరునని చెప్పాడు. సొంత ఊరు విజయవాడ దగ్గర అన్నాడు. భార్య పోయిందన్నాడు. ఒక చిన్న కూతురు ఉందన్నాడు.

అక్క రెండు రోజులు జవాబు ఇవ్వలేదు. మూడో రోజు ఇచ్చింది.

ఆ తరువాత రోజూ మాటలే. పొద్దున లేవగానే "శుభోదయం". పనికి వెళ్లేటప్పుడు "జాగ్రత్త". రాత్రి "తిన్నావా?" ఆరేళ్లలో ఆమెను తిన్నావా అని అడిగినవాళ్లు లేరు. ఆమె తన కష్టాలన్నీ చెప్పుకుంది. వేలికి దెబ్బ తగిలిందని చెప్పింది. డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకున్నానని చెప్పింది. మెడలో రెండు కాసుల గొలుసు ఉందని కూడా చెప్పింది. అతను అన్నీ విన్నాడు. అన్నీ గుర్తు పెట్టుకున్నాడు.

"పెద్దింట్లమ్మ జాతరకు కొల్లేటికోట వస్తాను. అమ్మవారి ముందే నీ చెయ్యి పట్టుకుంటాను" అన్నాడు. జాతర సంగతి అతనికి చెప్పింది ఆమే. ఆ మాటే తిరిగి ఆమెకు ఎర అయింది.

రెండు నెలలు గడిచాయి. "నీకొక పెట్టె పంపాను. అందులో బంగారం ఉంది. లండన్ డబ్బు ఉంది. కొడుకు చదువుకు వాడుకో" అన్నాడు. రెండు రోజులకు ఒక ఆడమనిషి ఫోన్ చేసింది. "ఢిల్లీ కస్టమ్స్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం. మీ పేరున పార్సిల్ వచ్చింది. సుంకం 35,000 రూపాయలు కట్టాలి" అంది.

అక్క గొలుసు తాకట్టు పెట్టి కట్టింది.

మళ్లీ ఫోన్. "పెట్టెలో విదేశీ డబ్బు దొరికింది. సర్టిఫికెట్ కావాలి. 60,000 కట్టండి. కట్టకపోతే కేసు పెడతాం." అక్క భయపడింది. డాక్టరు ఫోన్లో ఏడ్చాడు. "నా వల్ల నీకు కష్టం వచ్చింది. ఈ ఒక్కసారికి కట్టు. నేను వచ్చాక అంతా ఇచ్చేస్తాను" అన్నాడు. అక్క సంఘం అప్పులోంచి కట్టింది.

మూడోసారి 70,000 అడిగారు. వడ్డీకి తెచ్చి కట్టింది. మొత్తం 1,65,000 రూపాయలు.

పెట్టె రాలేదు. జాతర వచ్చింది. వెళ్లిపోయింది. డాక్టరు రాలేదు. అతని నంబరు పలకలేదు.

గాలం ఎలా పడుతుంది?

ఈ కథలో అయిదు మెట్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూడండి.

మొదటి మెట్టు: వెతకడం. మోసగాడు ఒంటరిగా ఉన్నవాళ్లను వెతుకుతాడు. భర్త పోయినవాళ్లు, విడిపోయినవాళ్లు, భర్త గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు, పెళ్ళి సంబంధాలు చూస్తున్నవాళ్లు. ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటోలు, మాటలు చూసి ఈ సంగతులు తెలుసుకుంటాడు.

రెండో మెట్టు: నమ్మించడం. రోజూ పలకరిస్తాడు. పొగుడుతాడు. తొందరగా ప్రేమ అంటాడు. ఫొటో అతనిది కాదు. ఎవరో తెలియని మనిషి ఫొటో దొంగిలించి పెడతాడు.

మూడో మెట్టు: విడదీయడం. "మన సంగతి ఎవరికీ చెప్పకు. వాళ్లు అర్థం చేసుకోరు. అసూయ పడతారు" అంటాడు. ఎందుకంటే ఇంకో మనిషి వింటే మోసం బయటపడుతుంది. అందుకే ఆమెను ఒంటరిని చేస్తాడు.

నాలుగో మెట్టు: హఠాత్తుగా ఆపద. పార్సిల్ చిక్కుకుంది. కూతురికి ఆపరేషన్. విమానాశ్రయంలో పట్టుకున్నారు. అంతా తొందర. "ఈ సాయంత్రంలోగా కట్టాలి." ఆలోచించే తీరిక ఇవ్వడు.

అయిదో మెట్టు: మళ్లీ మళ్లీ అడగడం. ఒకసారి కట్టినవాళ్లు రెండోసారి కూడా కడతారని వాడికి తెలుసు. ఎందుకని? ఇప్పుడు ఆపేస్తే ముందు కట్టిన డబ్బు పోతుందని మనిషి భయపడుతుంది. పోయినదాని కోసం ఉన్నది కూడా పోగొట్టుకుంటుంది.

ఈ మధ్య ఇంకో పద్ధతి కూడా వచ్చింది. ప్రేమగా మాట్లాడి "నేను షేర్లలో డబ్బు పెడుతున్నాను. నువ్వూ పెట్టు. రెండింతలు అవుతుంది" అంటారు. మొదట కొంచెం లాభం చూపిస్తారు. ఆశ పుట్టాక పెద్ద మొత్తం పెట్టిస్తారు. తరువాత ఒక్క రూపాయి కూడా వెనక్కి రాదు.

ఇది కొత్త మోసం కాదు

ఫోన్ కొత్తది. మోసం పాతది. నూరేళ్లకు ముందే యూరప్‌లో, అమెరికాలో ఇలాంటి ఉత్తరాలు వచ్చేవి. "ఒక ధనవంతుడు స్పెయిన్ దేశంలో జైల్లో ఉన్నాడు. అతన్ని విడిపించడానికి డబ్బు పంపండి. బయటికి వచ్చాక ఎన్నో రెట్లు ఇస్తాడు" అని రాసేవారు. కొన్ని ఉత్తరాలలో ఆ ఖైదీకి అందమైన కూతురు కూడా ఉండేది. డబ్బు పంపితే ఇంకా డబ్బు అడిగేవారు. అసలు ఖైదీయే లేడు.

ఈ మోసంలో పడేది చదువు లేనివాళ్లే అనుకోకండి. అమెరికాలో బాగా చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క చూడండి. 2022లో దాదాపు 70,000 మంది ప్రేమ మోసాల గురించి ఫిర్యాదు చేశారు. వాళ్లు పోగొట్టుకున్నది 130 కోట్ల డాలర్లు. మన దేశంలో కూడా డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు ఇలా మోసపోయారు. మగవాళ్లు కూడా మోసపోయారు. వాళ్లతో ఆడపేరు పెట్టుకుని మాట్లాడతారు.

మరి ఎందుకు నమ్ముతారు? గాలానికి పడిన చేప తెలివి తక్కువది కాదు. దానికి ఆకలి వేసింది. మనిషికి కూడా ఆకలి ఉంటుంది. ఒక మంచి మాట కోసం ఆకలి. మోసగాడు ఆ ఆకలిని చూస్తాడు. దానికి తగిన ఎర గుచ్చుతాడు. తప్పు ఆకలిది కాదు. గాలం వేసినవాడిది.

గాలం అటు చివర ఎవరున్నారు?

డాక్టరు ఒకడే అని అక్క అనుకుంది. కాదు. చాలాసార్లు అటువైపు ఒక పెద్ద ముఠా ఉంటుంది. ఒకడు ప్రేమగా రాస్తాడు. ఒకామె కస్టమ్స్ ఆఫీసరుగా మాట్లాడుతుంది. ఇంకొకడు డబ్బు చేరే బ్యాంకు ఖాతాలు చూసుకుంటాడు.

ఇందులో ఇంకో బాధ కూడా ఉంది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠా సంగతి బయటపెట్టారు. ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి ఏజెంట్లు మన రాష్ట్రం కుర్రాళ్లను కంబోడియా దేశం పంపించారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కున్నారు. గదుల్లో పెట్టి ఫోన్ మోసాలు చేయించారు. ఆడవాళ్ల ఫొటోలతో దొంగ ఫేస్‌బుక్ ఖాతాలు తెరిపించారు. చేయనన్నవాళ్లను హింస పెట్టారు. తరువాత చాలామందిని వెనక్కి తెచ్చారు.

2023 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఒక నివేదిక ఇచ్చింది. మయన్మార్‌లో కనీసం 1,20,000 మందితో, కంబోడియాలో సుమారు 1,00,000 మందితో బలవంతంగా ఇలాంటి మోసాలు చేయిస్తున్నారని అందులో ఉంది.

అందుకని కొడుకులను విదేశాలకు పంపేటప్పుడు కూడా జాగ్రత్త. "కంప్యూటర్ మీద టైపు చేసే పని. పెద్ద జీతం" అని ఏజెంటు చెబితే ముందు విచారించండి. ప్రభుత్వం దగ్గర పేరు నమోదైన ఏజెంటు అవునో కాదో అడగండి.

ఎలా గుర్తుపట్టాలి?

ఈ గుర్తులు చదవండి. పక్కవాళ్లకు చదివి వినిపించండి.

కలవకముందే డబ్బు అడిగితే అది మోసం. ఎంత మంచిగా అడిగినా మోసమే. నిజంగా పెళ్ళి చేసుకునేవాడు ముందు మనిషిగా వస్తాడు. పెద్దలతో మాట్లాడతాడు.

వీడియోలో కనిపించమంటే తప్పించుకుంటే అనుమానించండి. "కెమెరా పాడైంది. ఆసుపత్రిలో ఫోన్ వాడనివ్వరు" అంటారు. వీడియోలో కనిపించినా పూర్తిగా నమ్మకండి. ఇప్పుడు కంప్యూటరుతో ముఖాన్ని మారుస్తున్నారు. గొంతు కూడా మారుస్తున్నారు.

ఎవరికీ చెప్పవద్దు అంటే వెంటనే ఒకరికి చెప్పండి. అక్కకు చెప్పండి. చెల్లికి చెప్పండి. సంఘం లీడరుకు చెప్పండి.

కస్టమ్స్ ఆఫీసు నుంచి అంటే నమ్మకండి. కస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి ఒక మనిషి సొంత ఖాతాలో సుంకం కట్టమని అడగరు.

డబ్బు పంపేముందు ఫోన్ తెర చదవండి. ఇది చాలా ముఖ్యం. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో డబ్బు వెళ్లేముందు ఒక పేరు కనిపిస్తుంది. అది ఖాతాదారు పేరు. అక్క కస్టమ్స్ ఆఫీసుకు కడుతున్నాననుకుంది. తెర మీద ఎవరో ఒక కుర్రాడి పేరు ఉంది. ఆమె కంగారులో చదవలేదు. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు అక్కడ పనికి వచ్చేవి. ఆగండి. పేరు చదవండి. అంకెలు చదవండి. అప్పుడు నొక్కాలో వద్దో ఆలోచించండి.

ఇంకో మాట. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ నంబరు అక్కరలేదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి. "నీకు డబ్బు వేస్తున్నాను, పిన్ కొట్టు" అని ఎవరైనా అంటే అది దొంగ మాట.

మీ బ్యాంకు ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను ఎవరికీ అద్దెకు ఇవ్వకండి. "నీ ఖాతాలో డబ్బు వేస్తాం. నీకు కమీషన్ ఇస్తాం" అంటారు. ఆ డబ్బు ఇంకొక అక్క కన్నీళ్లు కావచ్చు. పోలీసులు ముందు ఖాతా ఎవరిదో వాళ్ల దగ్గరకే వస్తారు.

పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లను కూడా గుడ్డిగా నమ్మకండి. 2016 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం ఈ వెబ్‌సైట్లకు సూచనలు ఇచ్చింది. పేరు నమోదు చేసుకునేవాళ్ల గుర్తింపు పత్రాలు చూడాలని చెప్పింది. అయినా దొంగ పేర్లు చొరబడుతూనే ఉన్నాయి. మన ఊళ్లల్లో సంబంధం అంటే ఏం చేస్తాం? ఆ ఊరు వెళ్లి నాలుగు ఇళ్లల్లో అడుగుతాం. ఫోన్లో వచ్చిన సంబంధానికి కూడా అలాగే అడగాలి. పని చేసే చోటు కనుక్కోవాలి. చుట్టాలను కనుక్కోవాలి.

డబ్బు పోతే ఏం చేయాలి?

ముందు ఏడుపు కాదు. ముందు ఫోన్.

1930. ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసుకోండి. ఇది సైబర్ మోసాల సహాయ నంబరు. దేశమంతా ఇదే నంబరు. డబ్బు పోయిన వెంటనే చేయాలి. ఎందుకు? మోసగాళ్లు డబ్బును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారుస్తారు. చివరికి బయటికి తీసేస్తారు. ఈలోపు ఫోన్ చేస్తే బ్యాంకులు ఆ డబ్బును ఖాతాలోనే ఆపే వీలుంది. ఆలస్యమైన కొద్దీ డబ్బు చెయ్యి దాటిపోతుంది. ఆలస్యమైనా సరే, ఫిర్యాదు మాత్రం మానకండి.

ఫోన్ చేసేముందు ఇవి కాగితం మీద రాసుకోండి. మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు. మీ బ్యాంకు పేరు, ఖాతా నంబరు. డబ్బు పంపిన తేదీ, ఎంత పంపారో ఆ అంకె. డబ్బు పంపినట్టు వచ్చిన మెసేజిలో 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది. అది కూడా రాసుకోండి.

తరువాత మీ బ్యాంకుకు వెళ్లి చెప్పండి. సైబర్ నేరాల ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు చేయవచ్చు. చదువుకున్న పిల్లలు సాయం చేస్తారు.

పోలీస్ స్టేషనుకు వెళ్లండి. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో కొత్త జిల్లాలు వచ్చాయి. అప్పుడు కైకలూరు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండిపోయింది. ఏ జిల్లాకు వెళ్లాలో తెలియక చాలామంది తిరుగుతారు. తిరగనక్కర లేదు. దగ్గరలో ఉన్న ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. తరువాత వాళ్లే సరైన స్టేషనుకు పంపుతారు. ఫిర్యాదు కాగితం నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

మెసేజిలు చెరపకండి. సిగ్గుతో చాలామంది అన్నీ చెరిపేస్తారు. అవే సాక్ష్యం. అతని నంబరు, ఫొటో, మాటలు అన్నీ ఉంచండి.

కొందరు ఫొటోలు పెట్టి బెదిరిస్తారు. "డబ్బు ఇవ్వకపోతే నీ ఫొటోలు అందరికీ పంపుతాను" అంటారు. డబ్బు ఇవ్వకండి. ఇస్తే బెదిరింపు ఆగదు. ఇంకా పెరుగుతుంది. వెంటనే పోలీసులకు చెప్పండి. బెదిరించి డబ్బు గుంజడం పెద్ద నేరం.

రెండో దొంగ కూడా ఉంటాడు. "మీ పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం. ఫీజు కట్టండి" అని ఫోన్ చేస్తాడు. పోలీసునని, వకీలునని చెప్పుకుంటాడు. పుండు మీద కారం చల్లేవాడు వాడు. నమ్మకండి.

చట్టం ఏమంటుంది?

2000 సంవత్సరపు ఐ.టి. చట్టంలో 66డి అనే సెక్షన్ ఉంది. ఫోన్లో, కంప్యూటర్లో వేరే మనిషిలా నటించి మోసం చేస్తే 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అనే కొత్త చట్టం వచ్చింది. అందులో 318వ సెక్షన్ మోసం గురించి చెబుతుంది. మోసం చేసి డబ్బు, ఆస్తి రాబట్టుకుంటే 7 ఏళ్ల వరకు జైలు. వేరే మనిషిలా నటించి మోసం చేస్తే 319వ సెక్షన్ ఉంది.

వకీలుకు డబ్బు లేదని వెనకాడకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. ఆదాయం ఎంతున్నా సరే. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూడా అడగవచ్చు.

తోడు నిలవడం ఎలా?

మళ్లీ మన అక్క దగ్గరకు వద్దాం.

జాతర అయిపోయింది. అక్క షెడ్డుకు వెళ్లడం మానేసింది. సంఘం మీటింగుకు రాలేదు. వాయిదా కట్టలేదు. వంట చేసుకోవడం లేదు. బతకడం దండగ అనిపించింది. కొడుకు ఫోన్ చేస్తే తీయలేదు.

సంఘం లీడరుకు అనుమానం వచ్చింది. ఇంటికి వెళ్లింది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా? నాలుగు రోజుల నుంచి కనపడ్డం లేదు."

అక్క మాట్లాడలేదు.

"వాయిదా సంగతి అడగడానికి రాలేదులే. నిన్ను చూద్దామని వచ్చాను. పొయ్యి వెలిగించావా?"

అక్క ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తరువాత మెల్లగా అంతా చెప్పింది.

లీడరు మధ్యలో ఆపలేదు. అంతా విన్నాక అంది. "నువ్వు తప్పు చేయలేదమ్మా. నిన్ను మోసం చేశారు. దొంగ ఇంట్లో పడితే ఇల్లుగలామెను తిడతామా?"

"నలుగురికీ తెలిస్తే నవ్వుతారక్కా."

"నవ్వేవాళ్లు నవ్వనీ. నీ మాట నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను. ముందు అన్నం తిను. తరువాత 1930కి ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం. నువ్వు చెప్పు. నేను రాస్తాను."

వాళ్లు ఫోన్ చేశారు. కాగితం చదివి ఒక్కో అంకె చెప్పారు. మర్నాడు స్టేషనుకు కలిసి వెళ్లారు. మొదటి రెండు సార్లు కట్టిన డబ్బు అప్పటికే వెళ్లిపోయింది. చివరిదాంట్లో 22,000 రూపాయలు ఒక ఖాతాలో ఆగాయి. అది తిరిగి రావడానికి కోర్టు పని ఉంటుందని చెప్పారు. మొదటి రోజే చెప్పి ఉంటే ఇంకా ఎక్కువ ఆగేదేమో.

తరువాత మీటింగులో అక్క తనే నోరు విప్పింది. ఒకామె అంది. "ఈ వయసులో ఆమెకు ప్రేమ ఏమిటి? బుద్ధి ఉండొద్దూ?"

లీడరు ఊరుకోలేదు. "తోడు కావాలనుకోవడం తప్పా వదినా? పెళ్ళాం పోయిన మగవాడు మళ్లీ పెళ్ళి చేసుకుంటే మనం పప్పన్నానికి వెళ్లమా? ఆమె దొంగతనం చేయలేదు. నమ్మింది. నమ్మించినవాణ్ణి తిట్టండి."

ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత ఇంకొకామె మెల్లగా లేచింది. "నాక్కూడా అలాంటి ఫోన్ వస్తోంది. దుబాయి నుంచి అంటున్నాడు. నిన్ననే 20,000 అడిగాడు. ఇంకా పంపలేదు" అంది.

ఒకామె నోరు విప్పితే ఇంకొకామె డబ్బు నిలిచింది. అక్క వాయిదాలను సంఘం చిన్నవి చేసింది. అక్క మళ్లీ షెడ్డుకు వెళ్లసాగింది.

చెప్పవలసిన మాటలు, చెప్పకూడని మాటలు

"ఎలా నమ్మావు? నేనైతే నమ్మను" అనకండి. ఆ మాట మోసగాడికే సాయం చేస్తుంది. అలాంటి మాటలకు భయపడే ఆడవాళ్లు ఫిర్యాదు చేయరు.

"నాకు చెప్పినందుకు మంచిది. ఏం చేయాలో కలిసి చూద్దాం" అనండి.

ఇంకా మోసంలోనే ఉన్న మనిషితో గొడవ పడకండి. "వాడు దొంగ" అని అరిస్తే ఆమె వాడి పక్కకే పోతుంది. ప్రశ్నలు అడగండి. "నువ్వు ఎప్పుడైనా ఎదురుగా చూశావా? డబ్బు ఎవరి పేరున కట్టావు? ఎందుకు ఎవరికీ చెప్పొద్దన్నాడు?" జవాబు ఆమే వెతుక్కుంటుంది.

డబ్బు పోవడం ఒక దుఃఖం. మనిషి పోవడం ఇంకో దుఃఖం. ఆ డాక్టరు ఎప్పుడూ లేడు. అయినా ఆమె మనసులో ఉన్నాడు. రోజూ వచ్చే పలకరింపు ఆగిపోయింది. ఆ బాధ నిజమైన బాధ. అందుకే డబ్బు సంగతి చూసి వదిలేయకండి. నెల తరువాత కూడా వెళ్లి పలకరించండి.

ఆమె అన్నం మానేస్తే, నిద్ర పోకపోతే, చచ్చిపోతానంటే తేలిగ్గా తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరులో మొదలైంది. పగలు, రాత్రి పలుకుతారు. తెలుగులో మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. ఇంట్లో కొడితే, గెంటేస్తే 181 నంబరు ఉంది. ఆపదలో 112 ఉంది.

ఇంట్లోవాళ్లకు చెప్పాలా వద్దా అనేది ఆమె ఇష్టం. చెప్పాలనుకుంటే పక్కన కూర్చోండి. మన అక్క కొడుకుకు ఫోన్లో చెప్పింది. లీడరు పక్కనే ఉంది. కొడుకు కాసేపు మాట్లాడలేదు. తరువాత "అమ్మా, ఇకనుంచి రోజూ ఫోన్ చేస్తాను" అన్నాడు.

అక్షరం ఆయుధం

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రాత్రి బడిలో ఒక పాఠం చదివారు. సారా వల్ల ఇల్లు ఎలా పాడవుతుందో అందులో ఉంది. చదివి ఊరుకోలేదు. అందరూ కలిసి సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది.

అప్పుడు ఒంటరిగా ఏడ్చినంత కాలం ఏమీ మారలేదు. కలిసి మాట్లాడుకున్నాక మారింది. ఈ మోసానికి కూడా అదే మందు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో పని చేసే చెల్లికి చెప్పండి. ఏలూరులో తివాచీలు నేసే పిన్నికి చెప్పండి. గల్ఫ్‌లో ఇళ్లల్లో పని చేస్తున్న అక్కకు ఫోన్ చేసి చెప్పండి.

ఎర కనిపించినప్పుడు ముల్లు కోసం చూడండి. ముల్లు గుచ్చుకున్న మనిషి కనిపిస్తే చెయ్యి అందించండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. డాక్టరు ఎవరికీ చెప్పవద్దని ఎందుకు అంటాడు?
2. అక్క ఫోన్ తెర మీద పేరు చదివి ఉంటే ఏం జరిగేది?
3. మీ సంఘంలో ఎవరైనా ఇలా మోసపోతే మీరు మొదట అనే మాట ఏమిటి?
4. 1930, 14416, 181, 112. ఈ నంబర్లు దేనికి? ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి.